కాఫీ వాసన ఎక్కడికి పోతుంది?

విజయవాడలో మా పేటలో ఒక చిన్న కాఫీ కొట్టు ఉంది. పెద్ద హంగులేమీ లేవు. ముందు రెండు బల్లలు, ఒక త్రాసు, గాజు సీసాల వరస. వెనక గదిలో గింజలు వేయించే యంత్రం, దాని పక్కనే మర. పొడి కావలసినవాళ్ళు పొడి కొనుక్కుంటారు. తాగాలనుకున్నవాళ్ళు ఓ గ్లాసుడు కాఫీ తాగి, పేపరు తిరగేసి, నాలుగు కబుర్లు చెప్పుకుని వెళ్ళిపోతారు. ఆ కొట్టు ఎక్కడని కొత్తవాళ్ళు అడిగితే మేం చెప్పే గుర్తు ఒక్కటే: "ముక్కుసూటిగా వెళ్ళండి!" నిజంగానే, వీధి మలుపు తిరిగేసరికి ఆ వాసనే చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది.

ఈమధ్య ఆ కొట్టు మూలంగా మా ఇంట్లో ఒక పేచీ వచ్చింది. మా అక్కయ్య నెలకొకసారి అక్కడ అరకిలో పొడి కొంటుంది. చికోరీ కలపని స్వచ్ఛమైన పొడి కావాలని అడిగి మరీ కొంటుంది. మొదటి నాలుగు రోజులూ ఇల్లంతా ఘుమఘుమలే. రెండో వారం వచ్చేసరికి అదే పొడి రంపపు పొట్టులా తయారవుతుంది. "ఆ పెద్దాయన మోసం చేస్తున్నాడు. పైకి మంచి పొడి చూపించి, చికోరీ కలిపింది పొట్లం కడుతున్నాడు!" అని అక్కయ్య తీర్పు చెప్పేసింది.

నేరం మోపడం తేలికే. రుజువు చేయడమే కష్టం. సాక్ష్యం చూడకుండా ఒక మనిషిని దొంగ అనడం న్యాయమేనా? అందుకని అక్కయ్య డబ్బాలోని పొడి కొంచెం పొట్లం కట్టుకుని కొట్టుకి బయలుదేరాను. మీరూ నాతో రండి. మనం న్యాయాధికారులం కాకపోయినా, సైన్సు తెలిసినవాళ్ళం కదా!

మూడు గ్లాసుల సాక్ష్యం

పెద్దాయనతో సంగతి చెప్పాను. కోపం తెచ్చుకుంటాడేమోనని భయపడ్డాను గాని, ఆయన నవ్వి మూడు గాజు గ్లాసుల్లో చన్నీళ్ళు పోసి మన ముందు పెట్టాడు.

"ఒకదాంట్లో మీ పొడి వెయ్యండి బాబూ. ఇంకోదాంట్లో ఇప్పుడే ఆడిన పొడి వేస్తాను. మూడోదాంట్లో ఉత్త చికోరీ వేస్తాను. మీరే చూడండి."

ఒక్కొక్కదాంట్లో చిటికెడు చొప్పున పైనుంచి చల్లాం. చికోరీ పొడి నీటిని తాకిందో లేదో, కిందికి దిగడం మొదలుపెట్టింది. ప్రతి రేణువు వెనకా ఒక గోధుమరంగు చార! తారాజువ్వ తోకలా నీళ్ళలో గీతలు పడ్డాయి. కొద్దిసేపట్లో నీళ్ళన్నీ రంగు తిరిగాయి. మిగిలిన రెండు గ్లాసుల్లో మాత్రం పొడి నీటిమీద తేలుతూనే ఉంది. చారలు లేవు.

ఎందుకిలా జరిగింది? చికోరీ అంటే కాఫీ గింజ కాదు. అది ఒక మొక్క వేరు. ఆ వేరును ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. దాంట్లో ఇన్యులిన్ అనే పిండిపదార్థం ఎక్కువ. వేయించినప్పుడు దాంట్లో కొంత భాగం విరిగి చక్కెరగా మారి, పాకంలా ఎర్రబడుతుంది. ఇవన్నీ చన్నీళ్ళలో కూడా ఇట్టే కరుగుతాయి. కాఫీ గింజలో నూనె ఉంటుంది. నూనె అంటుకున్న రేణువులు నీటిలో త్వరగా తడవవు. అందుకే తేలతాయి.

చికోరీ కలపడం నేరమేమీ కాదు. డికాషన్‌కి రంగు, చిక్కదనం వస్తాయని కొందరు కావాలనే కలిపించుకుంటారు. మన దేశంలోని నిబంధనల ప్రకారం అలా కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. కలిపిన సంగతి పొట్లం మీద రాయాలి. చెప్పకుండా కలిపితేనే మోసం.

మన గ్లాసుల సాక్ష్యం ప్రకారం పెద్దాయన చికోరీ కలపలేదు. సరే, ఆ నేరం వీగిపోయింది. మరి అక్కయ్య డబ్బాలో వాసన ఏమైనట్టు? అది తెలియాలంటే అసలు ఆ వాసన ఎక్కడ పుట్టిందో చూడాలి.

పచ్చి గింజకు వాసనే లేదు!

పెద్దాయన గోనెసంచిలోంచి గుప్పెడు పచ్చి గింజలు తీసి మన చేతిలో పోశాడు. వాసన చూడండి. కాఫీ వాసన వస్తోందా? ఊహూ! ఎండుగడ్డి వాసనో, పచ్చి బఠాణీల వాసనో వస్తుంది. రంగు కూడా నలుపు కాదు, బూడిద కలిసిన ఆకుపచ్చ.

"ఇవి మన అరకు గింజలు," అన్నాడాయన. అరకు లోయలో గిరిజన రైతులు పెద్ద చెట్ల నీడన కాఫీ పండిస్తారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీ పండు పండితే ఎర్రగా, రేగిపండంత ఉంటుంది. మామూలుగా ఒక్కో పండులో రెండు గింజలు ఎదురెదురుగా అతుక్కుని ఉంటాయి. అందుకే కాఫీ గింజ ఒకవైపు చదునుగా ఉంటుంది. ఎప్పుడైనా ఒకే గింజ పెరిగితే అది గుండ్రంగా వస్తుంది. కొట్లలో 'పీబెర్రీ' అని విడిగా అమ్మేది దాన్నే.

అరబికా కాఫీ పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. అక్కడినుంచి అరేబియాలోని యెమెన్‌కు చేరింది. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు యెమెన్‌ నుంచి ఏడు గింజలు రహస్యంగా తెచ్చి, కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. ఆ కొండల్ని ఇప్పటికీ బాబా బుడన్ గిరి అనే పిలుస్తారు.

వాసన పుట్టే చోటు

ఇప్పుడు వెనక గదిలోకి వెళ్దాం. తిరుగుతున్న ఇనుప పీపాలో పచ్చి గింజలు పోసి, కింద మంట పెట్టారు. ముందు నీటి ఆవిరి వస్తుంది. పచ్చి గింజలో సుమారు పది పన్నెండు శాతం నీరే. ఆకుపచ్చ రంగు పసుపు అవుతుంది, పసుపు గోధుమరంగు అవుతుంది. పెద్దాయన గడియారం చూడడం లేదు. చెవి యంత్రం వైపు పెట్టి నిలబడ్డాడు. ఎందుకు?

చిట్! పట్! చిటపటా! విన్నారా? మొక్కజొన్న పేలాలు పేలినట్టు గింజలు పేలుతున్నాయి. అప్పటికి గింజ వేడి సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. లోపలి ఆవిరి, వాయువులు బయటికి తన్నుకొచ్చి గింజను పగలగొడతాయి. ఆ చప్పుడే పెద్దాయనకు గడియారం. ఇంకెంతసేపు ఉంచాలో దాన్నిబట్టి లెక్క వేసుకుంటాడు.

ఈ లోపల గింజలో ఒక పెద్ద రసాయనశాల పని చేస్తోంది. గింజలోని చక్కెరలూ, మాంసకృత్తుల ముక్కలైన అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి, కొత్త కొత్త పదార్థాలు తయారవుతాయి. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెయ్యార్ పేరుమీద 'మెయ్యార్ చర్య' అంటారు. ఇది మీకు కొత్తేమీ కాదు. దోసె అంచు ఎర్రగా కాలి కమ్మని వాసన రావడం, వేరుశనగ పప్పు వేగినప్పుడు నోరూరడం, రొట్టె పైపెచ్చు గోధుమరంగు తిరగడం, అన్నీ దీని మహిమే.

వేయించిన కాఫీలో ఆవిరయ్యే స్వభావమున్న పదార్థాలు 800 పైగా ఉన్నాయని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. స్టౌడింగర్, రైఖ్‌స్టైన్ అనే ఇద్దరు 1920లలోనే ఈ వాసనల చిట్టా విప్పడానికి కూర్చున్నారు. తరువాతి కాలంలో వేరే పరిశోధనలకు ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి. కాఫీ వాసనలో ముఖ్యమైనది గంధకం ఉన్న ఒక పదార్థం. పేరు ఫర్‌ఫ్యూరిల్ థయోల్. ఇది లేశమాత్రంగా ఉంటేనే కాఫీ వాసన. మోతాదు మించితే కంపు!

కిలో పచ్చి గింజలు వేయిస్తే సుమారు 800 నుంచి 850 గ్రాములే మిగులుతాయి. కాని గింజ సైజు మాత్రం ఉబ్బుతుంది. బరువు తగ్గి సైజు పెరిగిందంటే లోపల బోలు ఏర్పడిందన్నమాట. ఇప్పుడా గింజ లక్షల గదులున్న ఒక ఇల్లు. ఆ గదుల్లో కార్బన్ డయాక్సైడ్, అదే బొగ్గుపులుసు వాయువు, కిక్కిరిసి ఉంటుంది. దాంతోపాటే వాసన పదార్థాలూ దాక్కుని ఉంటాయి. గింజ గింజగా ఉన్నంతకాలం తలుపులు దాదాపు మూసే ఉంటాయి. అవి మెల్లమెల్లగా, రోజుల తరబడి బయటికి వస్తాయి.

మర తలుపులు తెరుస్తుంది

గింజల్ని మరలో పోయగానే ఏమైంది? వాసన గుప్పుమంది! దీనికి ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక సెంటీమీటరు ఘనాన్ని తీసుకోండి. దానికి ఆరు ముఖాలు. మొత్తం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని ఒక్కొక్క మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలవుతాయి. ఒక్కో ముక్క ఉపరితలం 6 చదరపు మిల్లీమీటర్లు. వెయ్యింటికీ కలిపి 6000 చదరపు మిల్లీమీటర్లు, అంటే 60 చదరపు సెంటీమీటర్లు. పదార్థం అంతే ఉంది, ఉపరితలం మాత్రం పది రెట్లయింది. అర మిల్లీమీటరు ముక్కలు చేస్తే ఇరవై రెట్లవుతుంది.

ఉపరితలం పెరిగితే నీరు త్వరగా లోపలికి వెళ్ళి సారాన్ని దించుతుంది. అందుకే పొడి చేస్తాం. కాని తెరిచిన తలుపులోంచి నీళ్ళే రావాలని ఏముంది? గాలీ వస్తుంది. వాసన అణువులు గాలిలోకి ఎగిరిపోతాయి. గాలిలోని ఆక్సిజన్ నూనెలతో కలిసి వాటిని పాడు చేస్తుంది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వీధి మలుపు దాకా వచ్చి మనల్ని పిలిచిన ఆ వాసన ఎక్కడిది? గింజల్లోంచి, పొడిలోంచి తప్పించుకు వచ్చిందే కదా! వీధి ఎంత ఘుమఘుమలాడితే గ్లాసులోకి రావలసింది అంత తగ్గిందన్నమాట. ముక్కుకు లాభం, గ్లాసుకు నష్టం!

పొంగిన గ్లాసు, పొంగని గ్లాసు

పెద్దాయన ఇంకో పరీక్ష చేశాడు. రెండు గ్లాసుల్లో చెంచాడు చొప్పున పొడి వేశాడు. ఒకటి ఇప్పుడే ఆడింది, రెండోది అక్కయ్యది. రెంటిలోనూ వేడి నీళ్ళు కొంచెం కొంచెం పోశాడు. కొత్త పొడి బుసబుసా పొంగి, నురగతో పైకి లేచింది. అక్కయ్య పొడి మాత్రం తడిసిన మట్టిలా చప్పగా పడి ఉంది.

పొంగించింది ఏమిటి? ఇందాక చెప్పిన బొగ్గుపులుసు వాయువే. అక్కయ్య పొడిలో ఆ వాయువు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ తలుపుల్లోంచే వాసన కూడా వెళ్ళిపోయింది. చూశారా! దొంగతనం జరిగిన మాట నిజమే. కాని దొంగ కొట్టులో లేడు.

ఫిల్టరులో ఏం జరుగుతుంది?

ఇంతదాకా వచ్చాం కదా, కాఫీ ఎలా తయారవుతుందో కూడా చూసి పోదాం. మన ఫిల్టరులో రెండు గిన్నెలు. పై గిన్నె అడుగున సన్నని చిల్లులు. పొడి వేసి, పైన చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, వేడి నీళ్ళు పోసి మూత పెడతారు. భూమ్యాకర్షణ వల్ల నీళ్ళు పొడిలోంచి చుక్కచుక్కగా దిగుతాయి. ఇదే డికాషన్. పావుగంటో, ఇరవై నిమిషాలో పడుతుంది.

వేయించిన కాఫీలో వంద గ్రాములకు సుమారు ముప్ఫై గ్రాములే నీటిలో కరుగుతుంది. అదంతా దింపడం కూడా మంచిది కాదు. ముందు పులుపు పదార్థాలు దిగుతాయి, తరువాత తీపి, చివర చేదు. తొందరపడితే కాఫీ పుల్లగా, పలచగా ఉంటుంది. అతిగా నానబెడితే కషాయమే! ఇరవై గ్రాముల దగ్గర ఆగితే రుచి బాగుంటుందని నిపుణుల అంచనా. ఇప్పుడు నగరాల్లో ఎస్‌ప్రెస్సో యంత్రాలు పెట్టిన కొత్త కాఫీ షాపులు చాలా వచ్చాయి. వాటిలో భూమ్యాకర్షణకు బదులు, వాతావరణ పీడనానికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో వేడినీటిని పొడిలోకి తోస్తారు. అరనిమిషంలో పని అయిపోతుంది. పద్ధతి వేరైనా సూత్రం ఒకటే.

కాగితపు ఫిల్టరు కథ మీకు నచ్చుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి ఉండేది. కాఫీలో మడ్డి రావడం ఆమెకు నచ్చేది కాదు. ఇత్తడి డబ్బాకు మేకుతో చిల్లులు కొట్టి, కొడుకు బడి పుస్తకంలోని అద్దుడు కాగితం దాంట్లో పరిచి వడగట్టింది. 1908లో ఆ పద్ధతికి పేటెంటు సంపాదించింది. చూశారా, మీ పుస్తకాల సంచిలో కూడా ఏదో ఒక పేటెంటు దాగి ఉండవచ్చు!

గ్లాసు, దబరా

పెద్దాయన డికాషన్‌లో కాగిన పాలు, పంచదార కలిపి, గ్లాసులోంచి దబరాలోకి, దబరాలోంచి గ్లాసులోకి ఎత్తునుంచి పోస్తున్నాడు. ఇది ఉత్త విన్యాసం కాదు. ధార పొడుగయితే గాలి తగిలే ఉపరితలం పెరుగుతుంది. ఆవిరి ఎక్కువగా లేస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 540 కెలోరీల వేడి కావాలి. అది మిగిలిన కాఫీలోంచే తీసుకుపోతుంది. 150 గ్రాముల కాఫీలోంచి ఒక్క గ్రాము ఆవిరైతే చాలు, కాఫీ సుమారు మూడున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ధారతోపాటు లోపలికి దూరిన గాలి బుడగల్ని పాలలోని మాంసకృత్తులు పొరలా చుట్టి పట్టుకుంటాయి. అదే నురగ. ఆ మాంసకృత్తులే కాఫీలోని వగరు పదార్థాల్ని కూడా పట్టుకుంటాయి. అందుకే పాలు కలిస్తే వగరు తగ్గుతుంది.

ఇక గుటక వేసినప్పుడు వాసన నోటి వెనకనుంచి ముక్కులోకి వెళుతుంది. మనం 'రుచి' అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. నమ్మకం లేదా? ముక్కు గట్టిగా మూసుకుని ఒక యాలక్కాయ గింజలు నమలండి. ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. ఇప్పుడు ముక్కు వదలండి. యాలకుల రుచి ఒక్కసారిగా వచ్చేస్తుంది!

కాఫీ నిద్రను ఆపేది మాత్రం వాసన వల్ల కాదు. ఆ పని చేసేది కెఫీన్. దానికి వాసనే లేదు. 1819లో రుంగె అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని విడదీశాడు. పరీక్షించమని ఆయనకు కాఫీ గింజలు ఇచ్చింది ఎవరనుకున్నారు? మహాకవి గేటే! మనం మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ 'ఇక పడుకో' అని చెబుతుంది. కెఫీన్ వెళ్ళి దాని కుర్చీలో కూర్చుంటుంది. అలసట పోదు, కబురు అందదు, అంతే. పెద్దవాళ్ళలోనే తాగిన కెఫీన్‌లో సగం పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మీ వయసులో నిద్ర ఎంతో అవసరం. పరీక్షల ముందు రాత్రి కాఫీ తాగి మేలుకోవడం మంచి లెక్క కాదు. మీకు వాసన చాలు!

దొంగ దొరికాడు

ఇంటికి వచ్చి డబ్బా చూశాం. పొయ్యి పక్కనే ఉంది. మూత వదులు. రోజుకు మూడు నాలుగుసార్లు తెరవడం, తడి చెంచా పెట్టడం. పైగా నెలకు సరిపడా పొడి! వేడి, గాలి, తడి ముగ్గురూ కలిసి వాసనను దోచుకుపోయారు. పాపం, నింద మాత్రం పెద్దాయన మీద పడింది.

మర్నాడు అక్కయ్య తనే కొట్టుకి వెళ్ళింది. ఎప్పటిలాగే అరకిలో అడగబోతే ఆయనే ఆపాడు.

"వద్దమ్మా. వంద గ్రాములు తీసుకెళ్ళండి. అయిపోయాక మళ్ళీ రండి. మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టండి."

తక్కువ కొనమని చెప్పే మోసగాణ్ణి ఎక్కడైనా చూశారా? అక్కయ్య నవ్వి, "మిమ్మల్ని అనవసరంగా అన్నాను బాబాయిగారూ," అంది.

మీ ఇంట్లో కూడా ఈ పరీక్షలు చేసి చూడండి. చన్నీళ్ళ పరీక్ష మీరే చేయవచ్చు. వేడినీళ్ళ పరీక్షకు మాత్రం పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. మీ గ్లాసు పొంగిందా, పొంగలేదా? పొంగకపోతే కొట్టువాణ్ణి అనే ముందు, ఒకసారి మీ డబ్బా మూత చూడండి!